ఎలీ మెచ్నికోవ్

కాలిలో ముల్లు విరిగితే ఆ చోటు ఎర్రబడుతుంది. వాచి, వేడెక్కి, సలుపుతుంది. ఈ స్థితిని వైద్యశాస్త్రం శోథ అంటుంది. ఆ బాధ వెనుక దేహం సాగించే రక్షణ సంగ్రామం ఉన్నదని నిరూపించిన మహనీయుడు ఎలీ మెచ్నికోవ్.

ఆయన 1845లో నాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ సమీపాన జన్మించారు. జంతుశాస్త్రం అభ్యసించి ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1873లో క్షయవ్యాధి ఆయన భార్య లుద్మిలాను కబళించింది. ఆ దుఃఖంతో జీవితాశ కోల్పోయిన ఆయన క్రమంగా కోలుకొని, పరిశోధనకే అంకితమయ్యారు.

1882లో ఉద్యోగం వీడి ఇటలీలోని మెస్సీనా తీరానికి చేరారు. అక్కడ పారదర్శకమైన సముద్రనక్షత్ర డింభకంలో గులాబీముల్లు గుచ్చి, ఆ రాత్రంతా ఉత్కంఠతో గడిపారు. తెల్లవారి సూక్ష్మదర్శినిలో చూడగా, సంచార కణాలు ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి. రక్తనాళాలైనా లేని అల్పజీవికే ఇట్టి రక్షణ ఉన్నప్పుడు, మానవుని తెల్ల రక్తకణాల కర్తవ్యమూ అదే కావాలని ఆయన తర్కించారు. క్రిములను మింగే ఆ కణాలకు భక్షక కణాలనే పేరు స్థిరపడింది.

నాటి పండితులలో పలువురు తెల్లకణాలు క్రిములను దేహమంతటా వ్యాపింపజేస్తాయని నమ్మేవారు. రక్షణశక్తి రక్తద్రవంలోనే ఉన్నదని జర్మన్ శాస్త్రజ్ఞులు వాదించారు. 1888లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరిన మెచ్నికోవ్, ఆ విమర్శలకు ప్రయోగాలతోనే బదులిచ్చారు. 1908లో నోబెల్ బహుమతిని ఆయనకూ, ద్రవవాదానికి ప్రతినిధియైన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ప్రదానం చేశారు. ఉభయవాదాలూ పరస్పర పూరకాలని కాలక్రమంలో తేలింది.

1916 జూలై 15న మెచ్నికోవ్ గుండె వైఫల్యంతో పారిస్‌లో కన్నుమూశారు. ఆయన చితాభస్మం పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో నిక్షిప్తమై ఉంది.

ఆయన గుర్తించిన స్థూలభక్షక కణాలు హృదయ కండరంలోనూ నివసిస్తాయని నేటి శాస్త్రం తెలుపుతున్నది. గుండెపోటు అనంతరం మృతకణాలను తొలగించి గాయాన్ని మాన్పడంలో వాటిది ప్రధాన పాత్ర. వైరస్ సోకిన వేళ శోథ హద్దుమీరితే మాత్రం, కంచే చేను మేసినట్లు, రక్షక కణాలే కండరాన్ని దెబ్బతీస్తాయి. అది క్రమంగా మచ్చకట్టి బలహీనపడవచ్చు. రక్తంలో సి-రియాక్టివ్ ప్రొటీన్ పెరిగితే దేహంలో ఎక్కడో శోథ రగులుతున్నదని, ట్రోపోనిన్ పెరిగితే హృదయ కండరానికి హాని కలిగిందని వైద్యులు గ్రహిస్తారు. మేలుచేసే శోథను చెరచకుండా, కీడుచేసే శోథను అణచడమెట్లా అన్నది నేటి పరిశోధకుల ముందున్న సమస్య. ఆ అన్వేషణకు తొలి అడుగు మెస్సీనా తీరాన ఒక చిన్న ముల్లుతో పడింది.