ఆల్‌ఫ్రెడ్ మార్షల్: గిరాకిని కొలిచిన ఆచార్యుడు

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు ఒక యువ అధ్యాపకుని గదిలో, నిప్పుగూటికి పైన, చిన్న తైలవర్ణ చిత్రమొకటి ఉండెడిది. అది ఏ ప్రభువుదో, ఏ మహాత్మునిదో కాదు. బ్రతుకులో ఓడిపోయిన ఒకానొక పేదవాని ముఖము. అంగడి కిటికీలో కనబడిన ఆ పటమును ఆయన కొద్ది షిల్లింగులకు కొని తెచ్చుకొన్నాడు. గణితసూత్రముల సౌందర్యమున మనస్సు మునిగిపోయినప్పుడెల్ల ఆ ముఖము ఆయనను మరల లోకములోనికి పిలిచెడిది. ఆ అధ్యాపకుడే ఆల్‌ఫ్రెడ్ మార్షల్.

ఆయన 1842 జూలై 26న లండను నగరమునందలి బెర్మండ్సీలో జన్మించినాడు. తండ్రి విలియం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో ఉద్యోగి. కుమారుడు మతాచార్యుడు కావలెనని తండ్రి పట్టుదల. కుమారునకు గణితముపై మక్కువ. ఆక్స్‌ఫర్డులో ప్రాచీన భాషలు చదువుటకు లభించిన విద్యార్థివేతనమును వదలుకొని, తండ్రి సోదరుడొకడు అప్పుగా ఇచ్చిన ధనముతో మార్షల్ కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరినాడు. 1865లో గణిత పరీక్షయందు ద్వితీయ స్థానమును పొందినాడు. ప్రథముడుగా నిలిచినవాడు తరువాత లార్డ్ రేలీ అను పేర ప్రఖ్యాతి గాంచిన భౌతికశాస్త్రజ్ఞుడు.

గణితమే వృత్తిగా సాగవలసిన ఆ జీవితము పేదరికమును చూచి దారి మళ్లినది. సెలవు దినములలో ఆయన పలు నగరములకు పోయి, నిరుపేదల పేటలలో వీధి వెంట వీధి నడచి, అచ్చటి ముఖములను పరికించెడివాడు. ఈ దుఃస్థితి మానవజాతికి తప్పనిదేనా అను ప్రశ్న ఆయనను అర్థశాస్త్రము వైపు నడిపించినది.

1877లో ఆయన తన పూర్వ విద్యార్థిని మేరీ పేలీని వివాహమాడినాడు. నాటి నిబంధనలవలన కళాశాల సభ్యత్వము పోయినది. దంపతులు బ్రిస్టలు చేరిరి. అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలకు మార్షల్ అధ్యక్షుడైనాడు. 1879లో ఇరువురును కలిసి ఒక పాఠ్యగ్రంథమును ప్రకటించిరి. కాని మూత్రపిండములలో రాళ్ళు ఆయనను కృశింపజేసినవి. 1881లో పదవిని విడిచి, విశ్రాంతికై భార్యతో ఇటలీ వెళ్ళినాడు. ఆ శీతకాలమున సిసిలీ ద్వీపమునందలి పలెర్మోలో, బసచేసిన ఇంటి డాబాపై కూర్చుండి ఆలోచించుచుండగా, గిరాకి వ్యాకోచత్వమను భావము ఆయనకు స్ఫురించినది.

ధర తగ్గినచో కొనుగోలు పెరుగునని అందరును ఎరుగుదురు. ఎంత పెరుగును? ధర నూటికి 10 తగ్గినప్పుడు కొనుగోలు నూటికి 20 పెరిగినచో వ్యాకోచత్వము 2. నూటికి 5 మాత్రమే పెరిగినచో అది అర. ఉప్పు ధర సగమైనంతమాత్రమున ఎవడును కూరలో రెట్టింపు ఉప్పు వేసికొనడు. విలాస వస్తువు మాట అట్లు కాదు.

1885 నుండి 1908 వరకు మార్షల్ కేంబ్రిడ్జిలో ఆచార్యుడు. 1890లో వెలువడిన ఆయన మహాగ్రంథము ‘అర్థశాస్త్ర సూత్రములు’ ఆయన జీవితకాలముననే ఎనిమిది కూర్పులు పొందినది. వస్తువు చేతిలో పెరిగిన కొలదియు, దానిలో తరువాతి భాగము ఇచ్చు తృప్తి తగ్గును. కనుకనే ధర దిగినగాని ఎక్కువ కొనము. గిరాకి రేఖ క్రిందికి వాలుటకు ఇదియే కారణమని ఆయన వివరించినాడు. ధనమునకును ఈ న్యాయమే వర్తించును. ధనికునకు లెక్కకు రాని షిల్లింగు పేదయింట ఒకనాటి రొట్టె. తన సూత్రమునకు గల అపవాదమును సైతము ఆయన దాచలేదు. రొట్టె ధర పెరిగినప్పుడు నిరుపేద కుటుంబములు మాంసమును మానుకొని, రొట్టెనే మరింత కొనవచ్చునను విషయమును, దానిని సూచించిన రాబర్ట్ గిఫెన్ పేరుతో, 1895 నాటి కూర్పులో చేర్చినాడు.

ఇంతటి ఉదారబుద్ధికిని ఒక హద్దు ఉండెను. స్త్రీలకు కేంబ్రిడ్జి పట్టములు ఇచ్చుటను ఆయన వ్యతిరేకించినాడు. 1874లో పట్టపరీక్షకు కూర్చుండిన తొలి మహిళలలో ఒకరైన మేరీ, పట్టము లేకయే జీవితాంతము ఆయన పనికి తోడ్పడినది. స్త్రీలకు ఆ విశ్వవిద్యాలయము పూర్తి పట్టములను అంగీకరించినది 1948లో. అప్పటికి ఆమె మరణించి నాలుగేండ్లు.

మార్షల్ 1924 జూలై 13న కేంబ్రిడ్జిలో కన్నుమూసినాడు. నేటికిని తరగతి గదులలో గిరాకి రేఖను గీయునప్పుడు ధరను నిలువు గీతపై గుర్తించుట ఆయన పెట్టిన ఒరవడియే. రొట్టెల అంగడి ముందు ఆకలితో నిలిచిన బాలుని చేతిలో పెన్నీ లేనిచో, వాని కోరిక ఆ రేఖపై ఎక్కడను కానరాదు. కోరిక వేరు, గిరాకి వేరు. విద్యార్థులకు ఈ భేదమును బోధించిన ఆచార్యుడు, తన నిప్పుగూటిపై పెట్టుకొన్నది ఆ రేఖకు అందని మనుష్యుని ముఖమునే.