మొదటి సాలార్ జంగు

హైటెక్ సిటీ రైలు నిలయమున ప్రతిదినము ఎందఱో ఎక్కుచు దిగుచు నుందురు. ఆ మార్గము సికిందరాబాదు నుండి వాడికి పోవు పాత యినుపదారియే యని యెఱిగినవారు కొందఱే. ఆ దారి 1874వ సంవత్సరమున తెఱవఁబడెను. అప్పుడు నిజాము రాజ్యమునకు దివానుగా నుండినవాఁడు మొదటి సాలార్ జంగు. ఈ ప్రసిద్ధ పురుషుని చరిత్రమును మన బాలబాలికలకు సంగ్రహముగా తెలుపుటకు మేము పూనుకొంటిమి.

ఆయన పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829వ సంవత్సరమున జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, తండ్రి సోదరుఁడగు సిరాజుల్ ముల్క్ పోషణమున పెరిగెను. ఆ కాలమున నిజాము ప్రభుత్వము హైదరాబాదు కంటింజెంటు అను సేనను భరింపవలసి యుండెను. సేనను నడపువారు ఆంగ్లేయులు; వ్యయము మాత్రము నిజాముది. జీతములు నిలిచిపోయి అప్పు పెరిగెను. 1853 మే 21వ తేదీని జరిగిన సంధివలన, పత్తిపంటకు పేరొందిన బీరారును, రాయచూరు దోఆబును, ధారాశివమును నిజాము ఈస్టిండియా కుంఫిణీ పాలనమున నుంచవలసి వచ్చెను. కొలఁది దినములకే దివానగు సిరాజుల్ ముల్క్ మరణించెను. 24 ఏండ్ల తురాబ్ అలీ ఖాన్ ఆ పదవిని పొందెను.

నాఁడు ఖజానా శూన్యము. తాలూకాలు అనేకములు అరబ్బు సర్దారులకును సాహుకార్లకును తాకట్టుపడి యుండెను. ఆయన వానిని క్రమముగా విడిపించెను. 1865లో రాజ్యమును జిల్లాలుగా విభజించి, జీతముపై పనిచేయు ఉద్యోగులను నియమించెను. ఇల్లు చక్కబెట్టుకొనని వాని వాదమును పొరుగువాఁడు వినఁడను సత్యమును ఆయన యెఱుఁగును.

1857 జూలై 17వ తేదీని తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ అనువారు జనులతో రెసిడెన్సీపై దాడి చేసిరి. సాలార్ జంగు ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. తుర్రెబాజ్ ఖాన్ చంపఁబడెను. మౌల్వీ అండమానులకు పంపఁబడెను. నగరమున పెక్కుమంది దివానును ద్వేషించిరి. 1859లో ఆయనపైనను రెసిడెంటుపైనను హత్యాప్రయత్నము కూడ జరిగెను. రాజ్యము నిలుపుటకై ఆయన యట్లు చేసెనని కొందఱందురు; స్వాతంత్ర్యమునకు అడ్డుపడెనని మఱికొందఱందురు. ప్రాణములొడ్డిన ఆ వీరులను స్మరింపక ఈయనను మాత్రము పొగడుట న్యాయము కాదని మా యభిప్రాయము.

1860 డిసెంబరులో క్రొత్త సంధి జరిగెను. రాయచూరు దోఆబు, ధారాశివము తిరిగి వచ్చెను; షోరాపురము లభించెను; 50 లక్షల రూపాయల అప్పు రద్దయ్యెను. కాని గోదావరి యెడమ గట్టునఁగల భద్రాచలము, చెర్ల, సిరోంచ మున్నగు ప్రాంతములు ఆంగ్లేయుల కీయవలసి వచ్చెను. బీరారు వారి చేతనే మిగిలెను. ఏ గట్టున నుండువారినిగాని ఎవరును అడుగలేదు. కాగితముపై గీఁత మాఱినంతనే వారి ప్రభువు మాఱెను.

1869లో నిజాము అఫ్జలుద్దౌలా మరణింపఁగా, పసివాఁడగు మహబూబ్ అలీ ఖాన్ రాజయ్యెను. సాలార్ జంగు, షంసుల్ ఉమ్రా కలిసి పాలనము నడపిరి. కంటింజెంటు వ్యయమునకు చాలు మూలధనమును ముందుగానే యిచ్చెదము, బీరారును విడువుఁడని ఆయన కోరెను. ఆ కోరిక త్రోసివేయఁబడెను. 1876లో ఆయన ఇంగ్లండునకు పోయెను. పారిసులో జాఱిపడి కాలికి గాయమైనను ప్రయాణము మానలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ పట్టము నొసఁగెను, విందులు జరిగెను, బీరారు మాత్రము రాలేదు. నిజాము మైనరుగా నుండఁగా ఆ విషయము విచారింపమని తుదకు దొరతనమువారు తెలిపిరి.

1883 ఫిబ్రవరి 8వ తేదీని ఆయన విషూచి వ్యాధితో హఠాత్తుగా మరణించెను. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో నిజాము అధికారము స్వీకరించెను. 1902లో కర్జను ప్రభువు సంవత్సరమునకు 25 లక్షల రూపాయలకు బీరారును శాశ్వత కౌలుగా పొందెను. నేఁడది మహారాష్ట్రమున భాగము.

సాలార్ జంగు మ్యూజియములోని ముసుఁగు ధరించిన రెబెక్కా విగ్రహము ఈయన 1876లో రోమునగరమున కొన్నదే. దానిని చూడఁబోవు విద్యార్థులు, దానిని తెచ్చినవానిని కూడ తలంతురు గాక. ఎంత అడిగినను ఆయనకు బీరారు దక్కలేదు. అయినను బలవంతుని యెదుట కత్తి దూయక, తల వంచక, లెక్కలు చూపుచు అడుగుచునే యుండెను. ఫలితము మన చేత నుండదు. సరిగా అడుగుట మన చేత నుండును. ఈ పాఠమును మన బాలురును బాలికలును ఆయన జీవితమునుండి గ్రహింతురని ఆశించుచున్నాము.