తాలులో గింజ: డాన్ వైలీ జీవితం

మొదటి సంవత్సరం ఫిజిక్స్ ప్రాక్టికల్సులో లోలకం గ్రాఫు గీస్తుంటే ఒక చుక్క గీత మీద పడలేదు. ఎవరూ చూడకుండా రబ్బరుతో చెరిపేశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఆ చుక్క మళ్ళీ గుర్తొచ్చి సిగ్గేసింది డాన్ వైలీ జీవితం చదివాకే. అందుకే ఈ సావనీరులో ఆయన గురించి రాయాలనిపించింది.

వైలీ 1944లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ పట్టణంలో పుట్టారు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదివి, 1971లో హార్వర్డులో డాక్టరేటు పొందారు. అక్కడే అధ్యాపకులై చివరిదాకా అక్కడే ఉన్నారు. స్ఫటికంలోకి ఎక్స్-కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి అణువు రూపం రాబట్టడం ఆయన నేర్చిన విద్య. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ పైన ఉండే హీమాగ్లుటినిన్ ప్రొటీను రూపాన్ని 1981లో సహచరులతో కలిసి లోకానికి చూపారు.

అప్పటికి రోగనిరోధక శాస్త్రంలో ఒక చిక్కుముడి ఉండేది. వైరస్ సోకిన కణాన్ని టి-కణం గుర్తు పట్టాలంటే వైరస్ ఆనవాలు ఒక్కటే చాలదు, ఆ కణం పైపొర మీది సొంత ప్రొటీను కూడా కావాలి. ఈ సంగతిని ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో జింకర్‌నాగెల్, డొహర్టీ 1974లో తెలియజేశారు. మనుషుల్లో ఆ ప్రొటీన్లను హెచ్.ఎల్.ఎ. అంటారు. మరి సొంతదాన్నీ పరాయిదాన్నీ టి-కణం ఒకేసారి ఎలా చూస్తుంది? ఇదీ ప్రశ్న.

జవాబు కోసం వైలీ, అదే హార్వర్డులోని జాక్ స్ట్రామింజర్‌తో చేయి కలిపారు. ప్రయోగశాలలో పెంచిన మనిషి బి-కణాల నుంచి హెచ్.ఎల్.ఎ.-ఎ2 అనే ప్రొటీనును తీశారు. కొవ్వు పొరలో పాతుకుపోయిన ప్రొటీను తేలిగ్గా స్ఫటికం కట్టదు. అందుకని బొప్పాయి పాలలో ఉండే పపైన్ ఎంజైముతో, కొడవలి పెట్టి వరి కోసినట్టు, పొర పైనున్న భాగాన్ని కోసుకున్నారు. పమేలా బ్యోర్క్‌మన్ అనే పరిశోధక విద్యార్థిని ఏళ్ళ తరబడి ఆ స్ఫటికాలతోనే కుస్తీ పట్టారు.

1987లో ఆ రూపం నేచర్ పత్రికలో వెలువడింది. కింద ఎనిమిది పట్టీలు నేలలా పరుచుకున్నాయి. వాటి మీద రెండు మెలికలు గట్లలా లేచాయి. నడుమ నాగటి చాలు లాంటి గాడి. ఆ గాడిలో మసకమసకగా ఇంకేదో ఉంది. అది హెచ్.ఎల్.ఎ. గొలుసులో భాగం కాదు. చెత్త అనుకుని వదిలేస్తే బొమ్మ శుభ్రంగా ఉండేది. వాళ్ళు వదిలేయలేదు. అసలు జవాబు అందులోనే ఉంది! కణం తన లోపలి ప్రొటీన్ల ముక్కలను ఈ గాడిలో పెట్టి బయటికి చూపుతుంది. ముక్కనూ గాడినీ టి-కణం కలిపి చూస్తుంది. రకరకాల ముక్కలు ఉండటం వల్లే అది మసకగా కనిపించింది. గాడి మీద టి-కణ గ్రాహకం వాలిన రూపాన్ని కూడా వైలీ బృందం 1996లో చూపింది.

వైలీకి, స్ట్రామింజర్‌కు 1995లో లాస్కర్ పురస్కారం, 1999లో జపాన్ బహుమతి వచ్చాయి. 2001 నవంబరులో ఒక సమావేశం కోసం మెంఫిస్ వెళ్ళిన వైలీ, మిసిసిపి నది వంతెన మీద నుంచి పడి చనిపోయారు. నెల దాటాక గాని దేహం దొరకలేదు. అది ప్రమాదమేనని వైద్యాధికారి తేల్చారు. అప్పటికి ఆయన వయసు 57.

మా ఇంట్లో విత్తనపు వడ్లు తూర్పారబట్టేటప్పుడు నాన్న తాలును వెంటనే పారబోయడు. గుప్పెడు తీసి నలిపి చూస్తాడు, గట్టి గింజ ఏదైనా అందులో పోతుందేమోనని. వైలీ బృందం చేసిందీ అదే. రైతు బిడ్డనై ఉండీ నేను చేయనిదీ అదే.

మొన్న ఇంకో ప్రాక్టికల్లో మళ్ళీ ఒక చుక్క గీత తప్పింది. ఈసారి చెరపలేదు. దాని చుట్టూ సున్నా చుట్టి, కారణం తెలియలేదని పక్కన రాశాను. రెండు మార్కులు తగ్గాయి. తగ్గితే తగ్గాయిలెండి, చుక్క మాత్రం రికార్డులో ఉంది.