చక్రాల ఇంటి రూపశిల్పి వాలీ బైయం

ఇంటిని వెంట తీసుకొని దేశాలు తిరగాలన్న కోరిక మానవునికి కొత్తది కాదు. అయితే ఆ ఇల్లు ఎంత బరువుండాలన్న ప్రశ్నకు జీవితమంతా సమాధానం వెదకినవారు అరుదు. అమెరికా దేశీయుడైన వాలీ బైయం అట్టివారిలో ప్రముఖులు. కారు వెనుక తగిలించుకొని వెళ్లే ఇంటిబండిని అక్కడ ట్రావెల్ ట్రైలర్ అంటారు. మొదటిసారి దానిని కొనదలచిన కుటుంబానికి ఆయన జీవితమే మంచి పాఠం.

బైయం 1896 జూలై 4న ఓరెగాన్ రాష్ట్రంలోని బేకర్ సిటీలో జన్మించారు. చిన్నతనంలో గొర్రెలు కాసే రోజుల్లో గాడిద లాగే చిన్న బండే ఆయన నివాసం. కిరసనాయిలు పొయ్యి, నీళ్ల బకెట్టు, తిండిపదార్థాలు, పక్కబట్టలు, ఇవే అందులోని సామగ్రి. లాగే జంతువు శక్తిని బట్టే ఇంటి బరువు ఉండాలన్న సత్యం ఆ బండిలోనే ఉన్నది.

1921లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పట్టభద్రులై, ప్రకటనల రంగంలోను, పత్రికా ప్రచురణలోను పనిచేశారు. ఆయన భార్య మారియన్‌కు వంటగది లేని విడిది సమ్మతం కాలేదు. తొలుత ఆయన ఫోర్డ్ మోడల్ టి కారు చట్రంపై గుడారం నిలిపారు. అది తృప్తినివ్వలేదు. తరువాత నీటిబొట్టు ఆకారంలో చిన్న గది కట్టి, పొయ్యి, ఐసు పెట్టె అమర్చారు. చూసినవారు ముచ్చటపడగా నమూనా చిత్రాలు అమ్మారు. 1931లో లాస్ ఏంజిలిస్‌లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థకు అంకురార్పణ జరిగింది.

గ్లైడర్ విమానాల నిర్మాత హాలీ బౌలస్ 1934లో అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి ట్రైలర్ తయారుచేశారు. ఆ మార్గాన్నే అనుసరించి బైయం 1936లో క్లిప్పర్‌ను వెలువరించారు. నలుగురు నిద్రించగల ఆ బండి వెల 1,200 డాలర్లు. గాలిని చీల్చుకొనిపోయే గుండ్రని ఆకారం, తేలికైన లోహం, ఈ రెండూ లాగే వాహనంపై భారం తగ్గించాయి. రెండవ ప్రపంచయుద్ధంలో అల్యూమినియం విమానాలకే కేటాయింపబడగా ఉత్పత్తి ఆగి, యుద్ధానంతరం పునఃప్రారంభమైంది.

1947లో ఫ్రెంచి సైకిలు వీరుడు ఆల్‌ఫ్రెడ్ లెటూర్నర్ ఒక ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ను సైకిలుతో లాగిన ఛాయాచిత్రం ప్రసిద్ధికెక్కింది. చదునైన బాటపై సాధ్యమైన ఆ పని చూసి ఎవరూ మోసపోరాదు. కదిలించడం వేరు, ఘాటు ఎక్కించడం వేరు, దిగేటప్పుడు ఆపగలగడం మరీ వేరు.

అందుచేత తొలి ట్రైలర్ కొనేవారు ముందుగా తమ వాహనం లాగగల గరిష్ఠ బరువును తయారీదారుల పుస్తకంలో చూడాలి. ఖాళీ ట్రైలర్ బరువుతో పోల్చి సంతోషించరాదు. లీటరు నీరు కిలో తూగుతుంది; వంద లీటర్ల తొట్టి నిండితే వంద కిలోలు. గ్యాసు, పాత్రలు, బట్టలు అదనం. కారులో కూర్చునే కుటుంబసభ్యుల బరువూ లెక్కలోనిదే.

ఎడ్లబండి తోలినవారికి మరొక విషయం సులభంగా బోధపడుతుంది. సరుకు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను అణచును; వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేచును. ట్రైలర్‌కూ అంతే. నిండు బరువులో సుమారు 10 నుండి 15 శాతం కారు కొక్కెంపై ఆనాలి. అంతకు తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగి కారునే తిప్పివేయగలదు. పెరిగితే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాల పట్టు సడలుతుంది. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండటం కుటుంబ క్షేమానికి అవసరం.

బైయం తన బండ్లను ప్రయాణాలలోనే పరీక్షించారు. 1959లో కేప్‌టౌన్ నుండి 41 ట్రైలర్ల బృందంతో బయలుదేరి, ఇథియోపియా దుర్గమ మార్గాలు దాటి, 1960లో కైరో చేరారు. 1962 జూలై 22న కన్నుమూశారు. 1969లో చంద్రునిపై నుండి తిరిగివచ్చిన అపోలో 11 యాత్రికులను ఏకాంతంగా ఉంచిన గది కూడా మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలరే.

గాడిదబండితో మొదలైన ఆ జీవితం చెప్పేది ఒక్కటే. ఇల్లు ఎంత అందమైనదో చూడటానికి ముందు, లాగేదాని సత్తువ ఎంతో తెలుసుకోవాలి.