ఆగిన ప్రతిచోటా మళ్ళీ విద్యార్థి అయిన గిడుగు రామమూర్తి పంతులుగారు



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యవర్గం వారు కోరగానే నాకు గుర్తుకు వచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారి పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం, వారి పుట్టినరోజైన ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం అందరికీ స్ఫురిస్తాయి. ఆ ఉద్యమ చరిత్ర పెద్దలు చాలామంది వ్రాసే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. మనలాగే నెల జీతం మీద సంసారం నడుపుకొన్న ఒక ఉద్యోగి, ఇక ముందుకు దారి లేదు అనిపించే స్థితికి ఒకటి కాదు, నాలుగైదు సార్లు వచ్చి కూడా ప్రతిసారీ ఎలా కదిలారు అన్నదే నా విషయం.

ఈ స్థితి మనకు కొత్త కాదు. డిపార్ట్‌మెంటు పరీక్షలు ప్యాసై, సీటులో కుదురుకొన్న తరువాత, పదేళ్ళపాటు అవే ఫైళ్ళు, అవే రిమైండర్లు. ఏటా ఇంక్రిమెంటు పడేది గాని మనలో ఏమి పెరిగిందో చెప్పమంటే చెప్పలేకపోయేవాళ్ళం. గానుగెద్దు రోజంతా నడిచినా ఉన్నచోటే ఉంటుంది కదా! రిటైరైన తరువాత ఆ నడక కూడా ఆగిపోతుంది. నేర్చుకోవలసిన వయసు దాటిపోయింది, ఇక ఉన్నదానితో కాలక్షేపం చేయడమే అని మనకు మనమే తీర్మానం చేసుకొంటాం. ఇంట్లోవాళ్ళు ఆ తీర్మానాన్ని ఆమోదిస్తారు. అందుకే పంతులుగారి జీవితాన్ని ఒకసారి ఈ వైపు నుంచి చూడవలసి ఉన్నది.

వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి సమీపాన, వంశధార నదీ తీరంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్ళు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. అక్కడ వారికి సహాధ్యాయి, ప్రాణస్నేహితుడు గురజాడ అప్పారావుగారు. పై చదువుకు వీలు చిక్కలేదు. వివాహమైంది. ఇంటి బాధ్యత మీద పడింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. జీతం 30 రూపాయలు.

పదిహేడేళ్ళ వయసుకే చదువు ఆగిపోయి ఉద్యోగం దొరికిన మనిషికి అక్కడితో జీవితం స్థిరపడిపోవాలి. పర్లాకిమిడి మారుమూల ఊరు. పెద్ద గ్రంథాలయం లేదు, దగ్గరలో విశ్వవిద్యాలయం లేదు. అయితే పంతులుగారు పిల్లలకు పాఠం చెబుతూనే తాను కూడా పుస్తకం పట్టుకొన్నారు. ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. ప్యాసయ్యారు. మరో పదేళ్ళకు, 1896లో బి.ఏ. ప్యాసయ్యారు. మెట్రిక్యులేషనుకూ బి.ఏ.కూ మధ్య పదిహేడేళ్ళు గడిచాయి. నౌకరీ చేస్తూ, సంసారం మోస్తూ సాయంకాలం చదువులతో పరీక్షలకు కట్టినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆ పదిహేడేళ్ళ బరువు ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ డిగ్రీతో కళాశాల తరగతులకు పాఠాలు చెప్పే అర్హత కూడా వచ్చింది.

ఈ మధ్యకాలంలోనే వారికి మరొక పాఠశాల దొరికింది. అది శ్రీముఖలింగం. అక్కడి ఆలయాల రాళ్ళమీద పాతకాలపు శాసనాలున్నాయి. చిన్నప్పటినుంచి చూస్తున్నవే అయినా చదవడానికి వీలుకాని లిపి. నేర్పేవారు ఎవరూ లేకపోయినా ఆ లిపులను వారు స్వయంకృషితో పట్టుకొన్నారు. గాంగవంశపు రాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని చదివి పరిష్కరించి, దేశంలో శాసనాలకు ప్రామాణికమైన ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలలో ప్రకటించారు. గాంగరాజుల పాత రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ఆధారాలు చూపి వాదించారు. మారుమూల బడిపంతులు మాటను చరిత్రకారులు పట్టించుకోవలసి వచ్చింది. ఇందుకు వారు ఏ పట్నానికీ పోలేదు, ఎవరి ఉత్తర్వుకోసమూ వేచి ఉండలేదు. పుట్టిన ఊరి పక్కన ఉన్న రాళ్ళే వారికి చాలాయి.

ఇక మూడవది, అన్నిటికంటె కష్టమైనది, సవర భాష. పర్లాకిమిడి చుట్టూ కొండలలో సవరలు ఉంటారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుకూ ఒడియాకూ దానితో చుట్టరికం లేదు. లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. కొండ దిగి వచ్చే ఈ మనుషులకు వారి భాషలోనే చదువు చెప్పాలని పంతులుగారికి సంకల్పం కలిగింది. అందుకు ముందు ఆ భాష తనకు రావాలి. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని తెచ్చి ఇంట్లోనే పెట్టుకొని, అతనివద్ద మాటలు నేర్చుకొన్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహంలో కొండప్రాంతపు మనిషిని ఉంచుకోవడం, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి అతనికి శిష్యుడు కావడం ఎంతటి మాటో పెద్దవారికి తెలియనిది కాదు.

సవర భాషలో బడిపుస్తకాలు వ్రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చారు. ఈ కృషికి 1913లో మద్రాసు ప్రభుత్వం వారిని బిరుదుతో గౌరవించింది. అయితే దీనికి వారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కొండలలో తిరిగినందువల్ల మలేరియా పట్టుకొన్నది. క్వినైను వాడకంతో జ్వరం తగ్గింది గాని చెవులు దెబ్బతిన్నాయి. ఆ చెవుడు జీవితాంతం వారిని వదలలేదు. మాటలు విని వ్రాసుకోవడమే పని అయినవాడికి చెవుడు వస్తే ఆ పని అక్కడితో ముగియవలసిందే. పంతులుగారు ముగించలేదు. భాషాశాస్త్రంలో అప్పుడప్పుడే వస్తున్న ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకొని, ధ్వనులను ఎలా గుర్తించాలో, వ్యాకరణం ఎలా కట్టాలో నేర్చుకొన్నారు. కుమారుడు సీతాపతిగారు కూడా ఆ భాషలో పండితులై తోడు నిలిచారు.

1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగుకూ, బడిలో చెప్పే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి గురజాడ, గిడుగులే సమాధానం చెప్పగలరని ఆయన సూచించారు. పంతులుగారికి అప్పటికి నలభై నాలుగేళ్ళు. సర్వీసులో ఇరవై ఏడేళ్ళు. ఆ వయసులో, అంత సర్వీసులో, తాము ఇంతకాలం బోధించిన పద్ధతే సరికాదేమోనని ఎవరైనా ప్రశ్నిస్తే మనకు కోపం వస్తుంది. పంతులుగారు ఆ ప్రశ్నను తనదిగా చేసుకొన్నారు. సవరలకు వారి మాటలోనే చదువు చెప్పాలని తపించినవారు తెలుగు పిల్లలకు వారి మాటలో చదువెందుకు చెప్పరాదని ఆలోచించారు.

1911లో ఉద్యోగం నుంచి తప్పుకొన్నారు. వయసు నలభై ఎనిమిదేళ్ళు. ఈ చోటనే మన పెన్షనర్లు కొంచెం ఆగి చూడాలి. ఈనాడు దేశం వారిని ఏ పనికి తలచుకొంటున్నదో ఆ పనిలో హెచ్చుభాగం రిటైరైన తరువాతనే జరిగింది. అది సాఫీగా కూడా జరగలేదు. స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసాలను వ్యావహారికంలో వ్రాయవచ్చునని ప్రభుత్వం మొదట అవకాశం ఇచ్చింది. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పండితులు గట్టిగా వ్యతిరేకించారు. 1913లో పంతులుగారు ఆధునిక తెలుగును గురించి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రచురించారు. గురజాడవారు 1914లో విడిగా అసమ్మతి పత్రం వ్రాసి సమర్పించారు. ఫలితం దక్కలేదు. ఇచ్చిన అవకాశాన్ని ప్రభుత్వం వెనక్కు తీసుకొన్నది. 1915 నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు.

చిన్ననాటి స్నేహితుడు పోయాడు. ఉత్తర్వు ఎదురు వచ్చింది. చెవులు వినబడవు. ఉద్యోగబలం లేదు. యాభై రెండేళ్ళ వయసు. ఇక చాలు అనుకోవడానికి ఇంతకంటె మంచి కారణాలు ఎవరికి కావాలి?

పంతులుగారు మళ్ళీ విద్యార్థి అయ్యారు. ఈసారి పాఠ్యగ్రంథాలు తన ప్రత్యర్థులు ప్రమాణంగా చూపే పుస్తకాలే. పాత కావ్యాలు, వ్యాఖ్యానాలు, తాళపత్రాలు, స్థానిక చరిత్రలు తిరగవేశారు. పూర్వులు కూడా వచనంలో వాడుకమాటను వాడారని ఉదాహరణలతో చూపారు. గ్రాంథికమే వ్రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోనే వారి వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగాలను ఏరి చూపారు. ఒకప్పుడు రాళ్ళమీద అక్షరం అక్షరం కూడబలుక్కొన్న ఓపిక ఇక్కడ పనికి వచ్చింది. సవర భాషకోసం చదివిన భాషాశాస్త్రం ఇక్కడ పనికి వచ్చింది. నేర్చుకొనే రోజున దేనికి ఉపయోగమో తెలియని విద్యలన్నీ ఇరవై ఏళ్ళ తరువాత ఒకచోట కలిశాయి.

1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొద్ది నెలలకే కందుకూరివారు స్వర్గస్థులయ్యారు. అదే ఏడు పంతులుగారు 'తెలుగు' అనే మాసపత్రిక స్థాపించారు. అది ఒక ఏడాది మాత్రమే నడిచింది. పత్రిక ఆగినా పంతులుగారు ఆగలేదు. ఊరూరా సభలకు వెళ్ళి, పుస్తకాల మూటలతో, ఉదాహరణలతో గంటల తరబడి మాట్లాడేవారు. ఎదుటివారి ఆక్షేపణ తనకు సరిగా వినబడకపోయినా తన ఆధారాలు వారికి వినబడేటట్లు చేశారు. క్రమంగా యువ రచయితలు, పత్రికలవారు ఆయన పక్షానికి వచ్చారు.

మరోపక్క సవర పని సాగుతూనే ఉన్నది. సుమారు ముప్పై అయిదేళ్ళ శ్రమ తరువాత, 1931లో, వారు ఇంగ్లీషులో వ్రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. మొదటిదానికి వారి వయసు అరవై ఎనిమిది, రెండవదానికి డెబ్బయి అయిదు. ఈ మధ్యలోనే, 1936లో, పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరిపోయింది. యాభై ఆరేళ్ళు బ్రతికిన ఊరును డెబ్బయి మూడో ఏట విడిచిపెట్టి పంతులుగారు రాజమండ్రికి తరలివచ్చారు. అక్కడ కూడా పని మానలేదు. చివరి రోజుల్లో సైతం మద్రాసులో పత్రికలవారిని కలుసుకొని వాడుక భాషను గురించే ప్రబోధించారు. 1940 జనవరి 22న అక్కడే దేహం చాలించారు. విశ్వవిద్యాలయాలు వాడుక తెలుగును పరీక్షలకు అంగీకరించడానికి ఇంకా ముప్పై ఏళ్ళు పట్టింది. దానిని వారు చూడలేదు.

మనమందరం గిడుగువారం కాలేము. అంతటి మేధ అందరికీ ఉండదు. అయినా వారు కదిలిన తీరు మాత్రం మనకు అందుబాటులో లేనిది కాదు. దారి మూసుకుపోయిందని తోచినప్పుడల్లా వారు దగ్గరలో ఉన్నదానినే పట్టుకొన్నారు. అది ఊరి గుడి కావచ్చు, సంతకు వచ్చే కొండమనిషి మాట కావచ్చు, ఒక అధికారి అడిగిన ప్రశ్న కావచ్చు. తనకంటె చిన్నవారివద్ద నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. ఫలితం ఎప్పుడు వస్తుందని లెక్క వేసుకోలేదు. నాకు తోచినంతవరకు, మనలను ఉన్నచోట కట్టి ఉంచేది వయసు కాదు. ఇంత సర్వీసు చేసినవాళ్ళం, మళ్ళీ ఓనమాలు దిద్దడమేమిటి అనే పెద్దరికం.

మన సంఘ సభ్యులకు ఒక చిన్న మనవి. మనలో రెవిన్యూలో పనిచేసినవారున్నారు, రిజిస్ట్రేషనులో, నీటిపారుదలలో, ఖజానాలో పనిచేసినవారున్నారు. అడంగల్, జమాబందీ, ఫసలీ, తకావీ వంటి మాటల వెనుక ఉన్న వ్యవహారం మన తరానికే పూర్తిగా తెలుసు. రోజుకు ఒక పేజీ చొప్పున ఎవరికి వారు తెలిసినది వ్రాసి ఉంచితే రేపు అది చరిత్ర అవుతుంది. వ్రాయడానికి తెలియకపోతే, మనుమరాలి దగ్గర కూర్చుని కంప్యూటరు మీద తెలుగు టైపు చేయడం నేర్చుకోవచ్చు. ఆ అమ్మాయి విసుక్కోవచ్చు, పది సార్లు అడిగితే నవ్వవచ్చు. నవ్వనివ్వండి. మన పంతులుగారు తన ఇంట్లోనే ఒక సవర భాషా గురువుకు ఏళ్ళ తరబడి శిష్యరికం చేశారని గుర్తు తెచ్చుకొని పదకొండోసారి అడగండి.