మెదకు మహాదేవాలయ నిర్మాత పోస్నెట్ దొరగారు

మన విస్సన్నపేట ప్రాంతమున మామిడిమొక్క నాటు ముసలి రైతు దాని పండ్లను మనుమలకొఱకే యుద్దేశించును. అట్లే రాబోవు తరముల మేలుకోరి పాటుపడిన మహనీయులలో రెవరెండు చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారొకరు.

ఈయన ఆంగ్లదేశపు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895వ సంవత్సరమున సికింద్రాబాదు చేరి, తిరుమలగిరి దండులోని సైనికులకు బోధకులైరి. ఆ పనితో తృప్తినొందక, పల్లెప్రజలను సేవింపగోరి, 60 మైళ్ల బాట గుఱ్ఱముపై నడచి మెదకునకు వచ్చిరి. ఆ కాలమున మెదకు నైజాము రాజ్యములోనిది. ప్రార్థనకు కూడువారికి అచ్చట చిన్న మందిరమే యుండెను.

1914లో గొప్ప దేవాలయమునకు పని యారంభమాయెను. అంతలో ఐరోపా మహాసంగ్రామము వచ్చెను. ఇచ్చట కఱవు సంభవించెను. ఆకలిగొన్న జనుల నడుమ ఇంత వ్యయముతో దేవాలయమేల యని చదువరులకు తోచవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. దానికి దొరగారి పనియే ప్రత్యుత్తరము. ఊరక పెట్టిన కూడు ఆకలి తీర్చునేగాని పుచ్చుకొనువానిని చిన్నబుచ్చును. కష్టించి తెచ్చుకొన్న కూడు తలయెత్తి నిలువనిచ్చును. కావున వారు బీదలకు ఆ కట్టడమునందే పని కల్పించి అన్నము పెట్టిరి. అట్లు ఆ రాతిగోడలు లేచిన కొలది అనేక కుటుంబముల పొయ్యిలు రాజెను.

వాస్తుశిల్పి హార్డింగుగారు దీనిని గోథిక్ పద్ధతిని రూపొందించిరి. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. లోపల సుమారు 5,000 మంది కూర్చుండవచ్చును. నేలకు పఱచిన రంగుపలకలు బ్రిటనునుండి వచ్చినవి. క్రీస్తుప్రభువు జననము, సిలువ మరణము, ఆరోహణము చూపు మూడు పెద్ద కిటికీల చిత్రములు ఫ్రాంక్ సాలిస్బరీగారివి. అవి తరువాతి యేండ్లలో అమర్పబడెను. బయటినుండి చూచిన ఈ గాజులు మసకగానే యుండును. లోనికేగి నిలిచిన, సూర్యకాంతికి రంగులన్నియు వెలుగును. ప్రొద్దు క్రుంకిన మఱల మాయమగును.

1924 డిసెంబరు 25వ తేదీన దేవాలయము ప్రతిష్ఠింపబడెను. నాలుగు దశాబ్దములకు పైగా ఈ దేశమున సేవచేసిన పోస్నెట్ దొరగారు తరువాతి కాలమున ప్రభువునందు నిద్రించిరి. 1947లో దక్షిణ ఇండియా సంఘమేర్పడగా ఈ దేవాలయము మెదకు అధ్యక్షమండలమునకు ప్రధానాలయమాయెను. నూఱేండ్లు దాటినను నేటికిని క్రిస్మసునాడు జనము వేలకొలది అచ్చటికి వచ్చుచున్నారు.

బాలబాలికలారా! మీరు ఎన్నడైన మెదకునకు పోయినయెడల గోపురమును చూచి ఆశ్చర్యపడుడు. పిమ్మట ఒక్క నిమిషము వంగి పునాదిరాళ్లను గూడ చూడుడు. వాటిని మోసిన వారి పేర్లు ఏ ఫలకమునను మీకు కనబడకపోవచ్చును. కాని గోపురము నిలిచియున్నది వాటిమీదనే.