బ్యాక్టీరియా ఎందుకు ఆగింది?

ఈ-కొలై బ్యాక్టీరియాకి గ్లూకోజ్, లాక్టోజ్ కలిపి ఇస్తే ముందు గ్లూకోజ్ తినేస్తుంది. కాసేపు ఎదుగుదల ఆగిపోతుంది. ఆ తర్వాతే లాక్టోజ్ జోలికి వెళ్తుంది.

పారిస్‌లో పుట్టిన జాక్ మోనో (1910-1976) ఆ చిన్న విరామాన్ని వదల్లేదు. 1941లో డాక్టరేట్ థీసిస్‌లోనే దాని గురించి రాశారు. అప్పటికి పారిస్ నాజీల చేతిలో ఉంది. ఒకవైపు ల్యాబ్, మరోవైపు రహస్యంగా ప్రతిఘటన ఉద్యమం. దొరికితే ప్రాణాలే పోతాయి.

యుద్ధం ముగిశాక పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ అదే ప్రశ్న పట్టుకున్నారు. 1961లో ఫ్రాంస్వా జాకబ్‌తో కలిసి జవాబు చెప్పారు. రెప్రెసర్ అనేది డీఎన్‌ఏ మీద కూర్చుని లాక్టోజ్ జీన్లను ఆఫ్‌లో ఉంచుతుంది. లాక్టోజ్ వస్తే పట్టు వదిలేస్తుంది. అంటే జీన్లకీ స్విచ్ ఉంది!

1965లో జాకబ్, ఆంద్రే ల్వాఫ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు. రెప్రెసర్ ఒక ప్రొటీన్ అని ఆ మరుసటి ఏడాది తేలింది. ఈగ పిండంలో తల ఎక్కడ, తోక ఎక్కడ అని తేల్చేవీ ఇలాంటి నియంత్రణ ప్రొటీన్లే. సింథటిక్ బయాలజీ వైపు వెళ్లాలనుకుంటే తొలి పాఠం ఇప్పటికీ ఆ స్విచ్చే.